నిలబడ్డ లారీలో పెరిగిన నూనె

లోకంలో అందరి లారీల్లోనూ ఇంజనాయిల్ తగ్గుతుంది. మా బావ లారీలో పెరిగింది. నేను ఏడో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి గనక, తగ్గాల్సింది పెరిగితే సంతోషించాలని తప్ప, ఎందుకు పెరిగిందని అడగాలని తోచలేదు. మా అక్కకీ తోచలేదు. ఆవిడైతే ఆదివారం ఏసు గుడిలో లేచి నిలబడి, కొంగు తల మీదికి లాక్కుని, దేవుడి మేలుకి సాక్ష్యం కూడా చెప్పేసింది.

బావ అంటే మా అక్క మొగుడు. బడి నన్ను వదిలేసిందో, నేను బడిని వదిలేశానో మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు గానీ, వదిలేసిన వారంలోనే ఆయన నన్ను తన లారీలో క్లీనరుగా ఎక్కించుకున్నాడు. మూతి ముందుకుండే పాత రకం చిన్న డీజిల్ లారీ. కొల్లిపరలో అరటి గెలలు ఎక్కించుకుని బాపట్ల వేసేవాళ్లం. వచ్చేటప్పుడు సూర్యలంక దగ్గర ఎండుచేపలు ఎక్కించుకుని తెనాలి వచ్చేవాళ్లం. అరటిపళ్లు కొన్నవాళ్లు "ఇదేంటండీ, చేపల వాసనొస్తందీ" అంటే, "సముద్రపు గాలికి మగ్గాయండీ, ఒంటికి చలవ" అనేవాణ్ణి. కొందరు నమ్మి ఇంకో అత్తం పళ్లు తీసుకునేవాళ్లు కూడా.

పొద్దున్నే నా మొదటి పని బానెట్ ఎత్తి నూనె చూసే పుల్ల బయటికి లాగడం. దాన్ని గుడ్డతో తుడవాలి, మళ్లీ ముంచాలి, మళ్లీ లాగి బావకి చూపించాలి. తుడవకుండా మొదటిసారే తెచ్చి చూపిస్తే చెవి మెలిపెట్టేవాడు. దార్లో ఏ తప్పు చేసినా అంతే. కుడిచేత్తో స్టీరింగు, ఎడమచేత్తో నా కుడి చెవి. అందుకే నా కుడి చెవి రెండో దానికంటే కాస్త పొడుగు. మా ఆవిడ పెళ్లిచూపుల్లోనే కనిపెట్టింది.

ఆ బండి నూనె ఎప్పుడు మార్చాలో బావకి మీటరు చూడక్కర్లేదు. పుల్ల చివర చుక్కని వేళ్ల మధ్య రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఒరే బామ్మర్దీ, పద తెనాలి" అనేవాడు. మార్చేసేవాళ్లం. ఆ చుక్కలో ఆయనకి ఏం తెలిసేదో నేనెప్పుడూ అడగలేదు. తిరిగే బండి గదా, తిరిగినంత తిరిగాక మారుస్తారు, అంతే అనుకున్నాను.

ఒకరోజు కొల్లిపరలో గెలలు ఎక్కించి, పైన పట్టా కప్పి, బావ తాడు బిగిస్తున్నాడు. తాడు చేతిలోంచి జారిపోయింది.

"ఏంటి బావా, అప్పుడే ముసలాడివైపోయావా?" అన్నాను.

ఆయన నవ్వబోయాడు. నవ్వు ఒక పక్కకే వచ్చింది.

పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. తెనాలి ఆస్పత్రిలో ఉంచి, రేపల్లె పక్కనున్న వాళ్ల ఊరికి తీసుకొచ్చేశాం. కిటికీ పక్కన మంచం వేశారు. కిటికీలోంచి చూస్తే బయట లారీ. నేను తెనాలి స్టేషను దగ్గర ఆటో తిప్పుకోవడం మొదలుపెట్టాను. ఆదివారం ఆదివారం రేపల్లె పాసింజరెక్కి వచ్చేవాణ్ణి.

లారీని అమ్మేయమని చాలామంది చెప్పారు. మా అక్క ఒకటే మాట అంది: "రేపు ఆయన కాలు కదిలి తొక్కడం మొదలుపెడితే ఏం తొక్కుతాడ్రా? నా కుట్టుమిషనా?"

అది ఉత్త పంతం కాదు. వ్యాయామాలు చేయించడానికి రేపల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చేది. కాలు పట్టుకుని "తొయ్యండి బాబాయ్, తొయ్యండి" అంటే బావ గోడకేసి తిరిగేవాడు. ఒకరోజు ఆ పిల్లే విసుగెత్తి, "లారీ తోలాలంటే ఏక్సిలేటరు తొక్కద్దా, బ్రేకు తొక్కద్దా" అంది. బావ కిటికీలోంచి లారీని చూశాడు. పాదం కొంచెం కదిలింది. ఆ రోజు నుంచి వ్యాయామమంతా లారీని చూస్తూనే. లారీ ఉంటే మనిషి లేస్తాడు. లేకపోతే లేవడు. మా ఇంట్లో చిన్నపిల్లల దాకా అందరికీ తెలిసిన సంగతి ఇదొక్కటే. ఆ లారీని బతికించే పని నాది.

నిలబెట్టిన బండిని ఎలా బతికించాలో ఊళ్లో అందరికీ తెలుసు. ట్రాక్టరున్నవాళ్లకి తెలుసు, లేనివాళ్లకి ఇంకా బాగా తెలుసు. "వారానికోసారి స్టార్ట్ చేసి అయిదు నిమిషాలుంచి ఆపెయ్. లేకపోతే పాడైపోద్ది." గుడి పెద్ద చెప్పాడు, పాల కేంద్రం దగ్గర కూర్చునేవాళ్లు చెప్పారు. నేనూ అదే చెప్పాను.

కాబట్టి ఆదివారం ఆరాధన అయిపోగానే మా ఇంటి ముందు రెండో ఆరాధన. అక్క తెల్లచీర మీదే వచ్చి, చంకలో బైబిలు పెట్టుకుని, బానెట్ మీద చెయ్యి వేసి కళ్లు మూసుకునేది. "ప్రభువా, ఈ బండినీ ఈ బండి యజమానినీ లేవనెత్తు" అనేది. పక్కింటివాళ్లు కూడా "ఆమేన్" అనేవాళ్లు. నేను తాళం తిప్పేవాణ్ణి. నల్లటి పొగ, కోళ్ల పరుగులు, వీధంతా దడదడ. అయిదు నిమిషాలు కాగానే ఆపేసి, చేతులు కడుక్కుని కోడికూరకి కూర్చునేవాళ్లం.

కిటికీ దగ్గర బావ ఎడమచేత్తో ఊచలు కొట్టేవాడు. దబ్, దబ్, దబ్. మొదట్లో కొట్టేవాడు కాదు, కళ్లు మూసుకుని వినేవాడు. ఆ తర్వాత తర్వాత కొట్టడం మొదలుపెట్టాడు. కళ్లమ్మట నీళ్లు కూడా కారేవి. "చూడరా, ఎంత సంతోషమో" అనేది అక్క. ఆయన దరువుకి నేను లారీ ముందు రెండు స్టెప్పులేసేవాణ్ణి. "ఏం బావా, ఇంకోటి వెయ్యమంటావా?" ఇంకా గట్టిగా కొట్టేవాడు. వేసేవాణ్ణి. ఇంజను ఆపగానే ఆయన చెయ్యి ఆగిపోయేది.

ఇలా జరుగుతుండగా ఒక ఆదివారం పుల్ల లాగి చూస్తే నూనె పై గీత దాటి ఉంది. తుడిచి మళ్లీ ముంచాను. పాత అలవాటు. మళ్లీ అంతే. నేను పోయలేదు, ఎవరూ పోయలేదు.

"అక్కా, ఆయిల్ పెరిగిందే!"

"నిజంగా?"

"నీ మీద ఒట్టు."

అక్క అక్కడే మట్టిలో మోకాళ్ల మీద కూలబడింది. ఆ తర్వాతి ఆదివారమే సాక్ష్యం. "మా ఇంటాయన మంచంలో ఉన్నా దేవుడు మా బండిలో నూనె తగ్గనివ్వలేదు, పెంచాడు. అట్టాగే ఆయన కాలికి బలం కూడా పెంచుతాడని నమ్ముతున్నాను" అంది. గుడంతా స్తోత్రాలు. పాస్టరు అయ్యగారు మాత్రం ఒక్క క్షణం ఆలోచించి "స్తోత్రం" అన్నారు. ఆయనకి స్కూటరే ఉంది పాపం, లారీ గురించి ఆయనకేం తెలుస్తుంది.

నేను అసలు ఎవర్నీ అడగలేదని కాదు. తెనాలిలో ఆయిల్ డబ్బాలమ్మే షాపులో అడిగాను.

"అన్నా, సరిగ్గా తిరగని డీజిల్ లారీకి ఆయిల్ ఎప్పుడు మార్చాలి?"

"ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?"

"తిరగలేదు."

"మరింకేంటి? అటక మీద చెప్పులు అరుగుతాయా?"

నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే, ఆ వారమంతా ఆటో ఎక్కినవాళ్లందరికీ నా మాటలాగే చెప్పాను. స్టాండులో ఇంకో డ్రైవరు "నల్లబడితే మార్చాలి బాబాయ్" అన్నాడు. మా బండి నూనె పోసిన మర్నాడే నల్లబడుతుంది. కాబట్టి అదీ కొట్టిపారేశాను. దేవుడు పోస్తున్న నూనెని పారబోసి షాపువాడి నూనె పోయించడం ఏ మొహంతో?

ఇలా మూడో ఏడు కూడా వచ్చింది. బావ చేతికర్ర పట్టుకుని, అక్క భుజం ఆసరాతో, మంచం నుంచి గుమ్మందాకా వచ్చేవాడు. అప్పుడే లారీని బాపట్ల తీసుకెళ్లి ఆర్టీవో ఆఫీసులో ఫిట్‌నెస్ చూపించాల్సి వచ్చింది. బావ కర్రని నేల మీద టకటకలాడించాడు. తనూ వస్తాడట. అక్క ఇరవైసార్లు వద్దని, ఇరవై ఒకటోసారి చీర మార్చుకుని వచ్చింది. వీధిలోవాళ్లు నలుగురు కలిసి ఆయన్ని పెళ్లికొడుకుని ఎత్తినట్టు ఎత్తి క్యాబిన్‌లో కూర్చోబెట్టారు. బావ సీట్లో నేను. నా పాత సీట్లో, ఎడమ తలుపు పక్కన, బావ. మధ్యలో ఆయన్ని పట్టుకుని అక్క.

"ఈ రోజుకి నువ్వు క్లీనరువి. పుల్ల తుడిచావా?" అన్నాను.

ఆయన ఒక పక్క నవ్వు నవ్వాడు. మూడేళ్లలో అంత నవ్వు చూడలేదు.

చెరుకుపల్లి దాకా పెళ్లివారి బస్సులా వెళ్లాం. దాటాక ఇంజను గొంతు కాస్త మారినట్టనిపించింది. చాన్నాళ్ల తర్వాత రోడ్డెక్కింది, దగ్గుతుంది మరి, అనుకున్నాను. బావ తలుపు మీద కొట్టడం మొదలుపెట్టాడు. దబ్, దబ్, దబ్.

"హుషారొచ్చిందిరా మీ బావకి! ఇంకొంచెం తొక్కు" అంది అక్క.

తొక్కాను. దరువుకి సరిపడా హారను కూడా కొట్టాను. స్టీరింగు ముందు బోర్డు మీద ఆయిల్ హెచ్చరిక దీపం ఎర్రగా మినుకుమంది. నూనె పై గీత దాటి ఉన్న బండికి ఆ దీపంతో ఏం పని? వైరు లూజై ఉంటుందని పిడికిలితో ఒకటిచ్చాను. ఆరింది. మళ్లీ వెలిగింది. బావ ఇప్పుడు తలుపు కాదు, తన తొడ కొట్టుకుంటున్నాడు. కళ్లమ్మట ధారలు. "ఏడవకు బావా, వచ్చేశాం బాపట్ల" అన్నాను.

కర్లపాలెం దగ్గర, ఇనపడబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు శబ్దమొచ్చింది. ఆ తర్వాత గట్టిగా ఒక కేక. ఆ తర్వాత ఏమీ లేదు. లారీ రోడ్డు పక్క గడ్డిలోకి దొర్లి ఆగిపోయింది.

ఇంజను ఆగింది. బావ చెయ్యి కూడా ఆగింది.

మళ్లీ తాళం తిప్పబోతూ ఆ చెయ్యికేసి చూశాను. ఆదివారాలు కూడా ఇంతే. ఇంజను ఆపగానే ఆ చెయ్యి ఆగిపోయేది. పాట అయిపోయింది గనక తాళం ఆగిందనుకున్నాం మేము.

అక్కే అంది. "ఒరేయ్. ఈయన తాళం వెయ్యట్లేదురా. ఆపమంటున్నాడు."

బావ కళ్లు మూసుకున్నాడు. ఎన్ని ఆదివారాలు. ఇంజను లోపల ఏదో అరిగిపోతుందని చెవితో విని, చెప్పడానికి నోరు లేక, ఉన్న ఒక్క చేత్తో ఊచలు కొడుతూ ఏడుస్తుంటే, నేను ఎదురుగా స్టెప్పులేశాను. ఇంకోటి వెయ్యమంటావా అని అడిగి మరీ వేశాను.

ఎండలో చాలాసేపున్నాక ఒక ట్రాక్టరువాడు తాడు కట్టి బాపట్ల షెడ్డు దాకా లాగాడు. షెడ్డు మేస్త్రీ నెత్తి మీద టోపీ ఉన్న పెద్దాయన. చెయ్యి పెట్టి తిప్పి చూసి, "ఇంజను పట్టేసింది" అన్నాడు. కింద బోల్టు విప్పి, పళ్లెం పెట్టాడు. నూనె చిక్కగా దిగాలి కదా. కుళాయి నీళ్లలా గలగలా కారింది.

"నూనెలో డీజిల్ కలవలేదమ్మా. డీజిల్లో కాస్త నూనె కలిసింది" అన్నాడు అక్కతో.

"అదేంటి బాబూ? నూనె పెరిగింది కదా మాకు?"

"ఎప్పుడు స్టార్ట్ చేసేవాళ్లు?"

"ఆదివారం ఆదివారం. అయిదు నిమిషాలు."

ఆయన పళ్లెం పక్కకి జరిపాడు. చల్లటి ఇంజను ఒకే చోట నిలబడి తిరిగితే డీజిల్ పూర్తిగా మండదట. మిగిలింది గోడలమ్మట జారి కిందికి నూనెలో దిగుతుందట. లోపలి చెమ్మ కూడా అందులోకే. ఇంజను బాగా వేడెక్కేదాకా రోడ్డు మీద తిరిగితే చెమ్మ ఆవిరైపోతుంది, డీజిల్ కూడా అంతగా చేరదు. అయిదు నిమిషాలకే ఆపేస్తే అంతా లోపలే ఉంటుంది. వారం వారం ఇంత చేరి, పుల్ల మీద గీత పైకి ఎక్కుతుంది. పల్చబడ్డ ఆ నూనె బేరింగుల్ని కాయలేదు.

"మరి ఆయిల్ ఎప్పుడు మార్చాలి భాయ్?" అన్నాను. బండి చచ్చాక అడిగాను.

"తిరిగినా తిరక్కపోయినా ఏడాదికోసారి. ఇట్టా నిలబెట్టి స్టార్ట్ చేస్తుంటే ఇంకా ముందే. అసలు అట్టా చెయ్యకూడదు. తీస్తే ఓ పాతిక కిలోమీటర్లు తిప్పుకు రావాలి, లేదంటే ముట్టుకోకూడదు. క్లీనరుగా చేశానంటున్నావు, పుల్ల తీసినప్పుడు డీజిల్ వాసన రాలేదా?"

"ఎండుచేపల బండి భాయ్. నా ముక్కు ఎప్పుడో పోయింది."

ఎవరూ నవ్వలేదు. నేను కూడా.

అక్క ఆ పళ్లెం పక్కన కూర్చుని అందులోకి చూస్తూ, "ప్రార్థన చేసి చేసి పోశాను" అంది. "నేనే పోశాను." మేస్త్రీ వేరే పని ఉన్నట్టు వెనక్కి తిరిగాడు. దీనికి ఇంజను పని చేయించే బదులు ఇనుముకి ఇచ్చేయడం మేలని, అటు తిరిగే చెప్పాడు.

అక్క ఇవ్వనివ్వలేదు. లారీని మళ్లీ తాడు కట్టి లాక్కొచ్చి, కిటికీ ఎదురుగా పాత చోటే పెట్టించింది. కానీ కిటికీలోంచి చూసేవాళ్లేరీ? బావ గోడకేసి తిరిగాడు. వ్యాయామాల పిల్ల వచ్చి "బ్రేకు తొక్కండి బాబాయ్" అంటే, కాలు ఆమె చేతిలో దుంగలా పడుంది. గుమ్మందాకా వచ్చిన మనిషి మంచం దిగడం మానేశాడు. ముద్ద నోట్లో పెడితే బుగ్గనే ఉండిపోయేది. అక్క చేతి వేలితో తీసేది. గుడిలో ఒక ముసలమ్మ, ఏ పాపమూ తెలియక, "నీ బండి నూనె ఎట్టా ఉందమ్మా?" అని అడిగిందట. ఆ తర్వాత రెండు ఆదివారాలు అక్క గుడికి వెళ్లలేదు. బావకి అన్నం మెత్తగా పిసుకుతూ, "పైకి చేసే ప్రార్థన నోట్లోంచి రావట్లేదురా" అంది నాతో.

నాకు తెలిసిన జోకులన్నీ చెప్పాను. తెనాలి స్టేషనులో విన్నవి, వినకుండా కల్పించినవి. గోడ నవ్వినా నవ్వేదేమో గానీ ఆయన నవ్వలేదు. ఆయన వీపు చూస్తూ జోకులు చెప్పడమంత నరకం ఇంకోటి లేదు. మనిషి ఇట్టాగే పోతాడని వ్యాయామాల పిల్ల అక్కతో కాదు, నాతో చెప్పింది. మళ్లీ రానని కూడా చెప్పింది.

ఆ ఆదివారం ఇంట్లో చప్పుడు లేదు. అలవాటైన వేళకి కోళ్లు కూడా లారీ కింద నుంచి తప్పుకుని నిలబడ్డాయి, పొగ వస్తుందేమోనని. నాకేం చెయ్యాలో తోచలేదు. వెళ్లి క్యాబిన్‌లో కూర్చున్నాను. తాళం పెట్టి తిప్పాను. ఏమీ లేదు. అప్పుడు నోటితో మొదలుపెట్టాను. క్లీనరుగా ఉన్న రోజుల్లో లారీ ఎక్కే కూలీల్ని నవ్వించడానికి చేసేవాణ్ణి. ముందు సెల్ఫు తిరిగే కుంయికుంయి, తర్వాత దగ్గు, తర్వాత దడదడ. పెదాలు తిమ్మిరెక్కేదాకా. మొదటి గేరు, రెండో గేరు. వీధిలోవాళ్లు చూస్తున్నారు. చూడనీ.

దబ్.

ఊచల మీద చప్పుడు. ఆగాను. మళ్లీ మొదలుపెట్టాను. దబ్, దబ్.

పాతరోజులైతే స్టెప్పేసేవాణ్ణి. దిగి కిటికీ దగ్గరికి వెళ్లాను. ఇన్నాళ్లూ ఒక్కసారీ అడగని మాట అడిగాను.

"బావా, ఆపమంటున్నావా?"

ఆయన ఇటు తిరిగి ఉన్నాడు. గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. వేలితో దగ్గరికి రమ్మన్నాడు. ఊచల మధ్యకి మొహం పెట్టాను. ఎడమ చెయ్యి బయటికి వచ్చింది, వెతుక్కుంది, నా కుడి చెవి దొరికింది. మెలిపెట్టాడు.

నొప్పి పుట్టలేదు. ఒకప్పుడు కళ్లల్లో నీళ్లు తెప్పించిన చెయ్యి అది. పడిపోని చెయ్యి, మంచి చెయ్యి. చెవి మీద ఈగ వాలినట్టుంది. ఇప్పుడు అందులో కూడా సత్తువేమీ మిగల్లేదని నాకు అప్పుడే తెలిసింది.

"అమ్మో! అమ్మో బావా, వదులు! చెవి తెగిపోద్ది!" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచాను. గెంతాను. ఊచలు పట్టుకుని గిలగిల కొట్టుకున్నాను.

లోపలి నుంచి అక్క అన్నం చేత్తోనే పరిగెత్తుకొచ్చింది. "ఏంట్రా ఆ గోల?"

"చంపేస్తున్నాడే మీ ఆయన! చూడు ఎంత బలమో!"

అక్క ఆయన చేతికేసి చూసింది, నా చెవికేసి చూసింది. ఆవిడకి అర్థమైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

బావ వదల్లేదు. నేను అరుస్తూనే ఉన్నాను.